బంజరు, బయలు, గోచరము: శబ్దార్థవిమర్శము

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకుఁ బోవు రాజమార్గముమీఁద ఆనందపురము కలదు. కూరగాయల సంతకును, పూల బేరమునకును ఈ గ్రామము పేరు పొందినది. నగరమునకును ఈ ప్రాంతమునకును నడుమ సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ యడవి వ్యాపించియున్నది. అది పూర్వము విజయనగర సంస్థానమువారి యధీనమందుండి 1970లో అటవీశాఖకు సంక్రమించినది. ఈ సీమలోని రైతు తన యూరి నేలను బేర్కొనునపుడు గెడ్డ యనును, గరువనును, మెట్ట యనును, పల్లమనును, దిబ్బ యనును, కల్లమనును, మందబయలనును. ఒక్కొక్క పేరు ఒక్కొక్క స్వభావమునో, పనినో తెలుపును. కొండనీరు దిగు త్రోవ గెడ్డ. ధాన్యము నూర్చు తావు కల్లము. మేఁతకుఁ బోవుటకు ముందు పసులు కూడు చోటు మందబయలు. అదే నేలను గ్రామలెక్కలలోఁ జూచినచో ఈ పేళ్లలోఁ బెక్కింటికిఁ జోటు లేదు. ఒకరి పేర వ్రాయఁబడినది జిరాయితీ. తక్కినది చాలవఱకుఁ బోరంబోకో, బంజరో యగును.

ఈ భేదము మాటలకు సంబంధించినదే కాని నేలకు సంబంధించినది కాదని తలఁచువారు కలరు. అది సరికాదు. బయళ్లను, చిత్తడినేలలను, మట్టిదిబ్బలను గాపాడుకొనుటకై తెలుఁగునాట జనులు ఈ శతాబ్దమునఁ జేసిన యత్నములను బరిశీలించినచో, వానిలోఁ బెక్కింటికి మూలమున నొక శబ్దార్థవివాదము కానవచ్చును. నేలకుఁ బేరు పెట్టువారొకరు, ఆ నేలమీఁద బ్రతుకువారు వేఱొకరు. పెట్టిన పేరు అచ్చటి బ్రతుకును మఱుగుపఱుచును. వివాదము తీరవలెనన్నచో మొదటఁ బేరు తీరవలెను. శబ్దవిచారము పండితుల పని గావున, ఈ విషయమున వారికిఁ గల బాధ్యత యెట్టిదో విమర్శింపవలసియున్నది.

1. సంజ్ఞావిచారము

మహాభాష్యకారుఁడు పస్పశాహ్నికమున నొక లోకరీతిని జూపినాఁడు. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోయి కుండ చేయుమని యడుగును. మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి మాట చేయుమని యడుగఁడు. శబ్దార్థములకు లోకమే ప్రమాణమని దీని తాత్పర్యము. అయినను శాస్త్రము తన వ్యవహారమునకై కొన్ని సంజ్ఞలను గల్పించుకొనును. లోకమున వృద్ధి యనఁగా పెంపు. పాణినీయమున వృద్ధి యనఁగా ఆ, ఐ, ఔ అను వర్ణములు. లోకమున గుణమనఁగా మంచితనము. శాస్త్రమున అ, ఏ, ఓ లు. శాస్త్రములోపలఁ గృత్రిమార్థమే గ్రహింపవలెనని వైయాకరణుల సమయము. కాని ఆ యర్థము శాస్త్రపు టెల్లను దాటరాదు. సూత్రమున వృద్ధి వచ్చినదని విని యింట ధనము పెరిగినదనుకొనువాఁడు నవ్వులపాలగును.

బంజరు శబ్దమునకుఁ బట్టిన గతి యిట్టిదే. ఇది హిందీ నుడి. దస్తరముల భాషతోపాటు తెలుఁగునకు వచ్చినది. లోకమున దీనికిఁ బండని నేల, గొడ్డుపోయిన నేల యని యర్థము. భూమిశిస్తు లెక్కలలో దీని యర్థము వేఱు: ఎవరి పేరనుఁ బట్టా లేక, సర్కారునకు శిస్తు రాక యున్న నేల యని మాత్రమే. ఇది కృత్రిమసంజ్ఞ. అట్టి నేలలో గడ్డి మొలవదని గాని, నీరు నిలువదని గాని, జనులకుఁ బనిలేదని గాని లెక్క చెప్పదు. అయినను ఆ నేలను వేఱొక పనికి నియోగింపవలసినపుడు ఆ సంజ్ఞను లెక్కలనుండి వెలికిఁ దీసి, దానికి లోకార్థమును దగిలింతురు. లెక్కలో బంజరు కావున నిరుపయోగము, నిరుపయోగము కావున నీయఁదగినది యని వాదము నడుచును. మొదటి వాక్యమున బంజరునకు శాస్త్రార్థము, రెండవదాన లోకార్థము. ఒకే వాదములో శబ్దార్థము మాఱినచో తార్కికులు దానిని ఛలమందురు.

పోరంబోకు శబ్దముయొక్క చరిత్ర యింతకన్న దయనీయము. ఇది తమిళమునుండి వచ్చినది. పుఱము అనఁగా వెలుపల, పోక్కు అనఁగా పోవునది. శిస్తులెక్కకు వెలుపలఁ బోవునది యని యవయవార్థము. చెఱువు, వాగు, దారి, శ్మశానము, కల్లము, మంద, ఇవియన్నియుఁ బోరంబోకులే. ఊరందఱికిఁ బనికివచ్చునవి కావుననే వీనికి శిస్తు కట్టలేదు. కాని తెలుఁగు వ్యవహారమున నేఁడు పోరంబోకనఁగా పనిపాట లేక తిరుగువాఁడు. అందఱికిఁ బనికివచ్చునదని పుట్టిన మాట ఎవరికిఁ బనికిరానివానికిఁ దిట్టుగా మాఱినది. లెక్కల యుపేక్ష నేలనుండి మనుష్యునివఱకు నెట్లు ప్రాఁకినదో దీనివలనఁ దెలియును.

2. ప్రాచీనుల వ్యవస్థ

పట్టా లేని నేలకుఁ బూర్వులు వేఱు పేళ్లు పెట్టిరి. అందు ముఖ్యమైనది గోచరము. పాణిని తృతీయాధ్యాయ తృతీయపాదమున 119వ సూత్రమునందు సంచర, వ్రజ, ఆపణ, నిగమాది శబ్దములతోఁగూడ గోచరశబ్దమును ఘప్రత్యయాంతముగా నిపాతించినాఁడు. గోవులు దేనియందుఁ జరించునో అది గోచరము. దీని తోడిశబ్దములను గమనింపవలెను. పసులమంద నిలుచు వ్రజము, అంగడియగు ఆపణము, జనులు చనుదెంచు సంచరము, ఇవి యన్నియుఁ బలువురు కూడు తావులు. గోచరమును వానితోఁజేర్చి చెప్పుటవలన అదియు నూరికి అంగడివంటి యంగమని సూత్రకారునినాఁటి లోకము తలఁచినట్లు తోఁచును.

ధర్మశాస్త్రములు ఈ యంగమునకుఁ గొలఁతను నిర్ణయించినవి. మనువు అష్టమాధ్యాయమున గ్రామముచుట్టు 100 ధనువుల మేర పసులకై విడువవలెననియు, నగరమునకు అంతకు మూఁడు రెట్లు విడువవలెననియుఁ జెప్పినాఁడు. ధనువనఁగా నాలుగు మూరలు. కాన 100 ధనువులు సుమారు 600 అడుగులు. ఆ మేరలోఁ గంచె వేయక పైరు పెట్టినవాని చేను పసులు మేసినచో కాపరిని దండింపరాదనియు నాతఁడే విధించినాఁడు. తప్పు బయలును మేసిన యావుది గాదు, బయలును దున్నినవానిది. యాజ్ఞవల్క్యుఁడు గ్రామమునకు 100, ఖర్వటమునకు 200, నగరమునకు 400 ధనువులని మేరలు పెంచినాఁడు. అంతకన్న ముఖ్యముగా, గోప్రచారమును గ్రామజనుల యిచ్ఛను బట్టియు, భూమిని బట్టియు, రాజానుశాసనమును బట్టియు నేర్పఱుపవలెనని చెప్పుచు గ్రామజనుల యిచ్ఛనే మొదటఁ బేర్కొనినాఁడు. బయలు కాపాడుకొనుటకు గ్రామస్థులు కూడి తీర్మానించుట నూతనాచారమనువారు ఈ స్మృతివాక్యమును మఱచినవారు.

కౌటిల్యుఁడు కృషికిఁ దగని నేలకు భూమిచ్ఛిద్రమని పేరిడినాఁడు. ఛిద్రశబ్దమున లోపార్థము కలదు; దున్నువాని కంటితోఁ జూచి పెట్టిన పేరిది. అయినను విధానమున నాతఁడు దానిని శూన్యముగా విడువలేదు. అట్టి నేలను పసుల మేఁతబీళ్లకును, తపోవనములకును, మృగవనములకును, ఏనుఁగుల యడవులకును వినియోగింపవలెనన్నాఁడు. పేరున లోపము తోఁచినను బనిలో లోపము లేదు.

అన్నిటికంటె గంభీరమైన విచారము మీమాంసలోనిది. విశ్వజిద్యాగమున యజమానుఁడు సర్వస్వము దక్షిణగా నీయవలెను. రాజు యజమానుఁడైనచో భూమిని సైతము దానము చేయవచ్చునా యని ప్రశ్న. జైమిని షష్ఠాధ్యాయ సప్తమపాదమున దీనికి సమాధానము చెప్పినాఁడు: భూమి యీయఁదగదు, అది యెల్లరకు సమానము గావున. క్షేత్రములకు స్వాములు కలరు కాని పృథివీగోళమునకు స్వామి లేఁడని భాష్యకారుని వివరణము. రాజు పాలకుఁడే కాని యజమానుఁడు కాఁడను భావము ఈ యధికరణమున స్పష్టము. సుప్రీముకోర్టు 1996 డిసెంబరులో నొక నదీతీరపు వివాదమున, ప్రకృతిసంపదలకు సర్కారు ధర్మకర్త మాత్రమే యని తీర్పు చెప్పినది. న్యాయస్థానము దానికి ఆధారముగాఁ జూపినది రోమనుల ధర్మశాస్త్రమును. జైమిని యధికరణము దానికి సోదరస్థానమున నిలుచును.

3. బయలు శబ్దముయొక్క వెలుఁగు

గోచరశబ్దము పసులమేఁతను దాఁటి మఱియొక యర్థమును సంపాదించినది. గోశబ్దమునకు ఇంద్రియమనియు నర్థము కలదు. కావున కంటికిఁ గనఁబడునది దృగ్గోచరము, తెలియనిది అగోచరము. తెలుఁగున గోచరించు ననఁగా కనఁబడును, తోఁచును అని యర్థము. మేఁతనేల పేరే ఎఱుక పేరైనది.

దేశ్యశబ్దమైన బయలు సైతము ఇదే త్రోవను నడిచినది. బయలనఁగా తెఱపి నేల. దాని నుండియే బయలుపడు, బయలుపఱుచు, బయలుదేరు, ఆరుబయలు. దాఁగినది తెలిసినచో బయలుపడినదందురు. తమిళమున వెళి శబ్దమునకు బయలని యర్థము. వెళిప్పడుట యనఁగా వెల్లడియగుట. ఒక భాషలో నిట్లు జరిగినచో యాదృచ్ఛికమనవచ్చును. సంస్కృతమునను, తెలుఁగునను, తమిళమునను ఇట్లే జరిగినదనఁగా, తెఱపినేలను జూచియే ఈ దేశమువారు తెలివిని, వెల్లడిని భావించిరని చెప్పవలసియున్నది. అట్టి నేలకు బంజరని పేరు పెట్టిన దినమున గోచరము అగోచరమైనది. నేల కనఁబడుచునే యున్నది; దాని యుపయోగము లెక్కలకుఁ గానరాదు.

4. చట్టములలోని శబ్దపృథక్త్వము

ఇంగ్లీషువారి చట్టములే ఈ నేలలను బంజరుగాఁ జేసినవనుట పూర్తిగా నిజము కాదు. మద్రాసు ఎస్టేట్లభూమిచట్టము 1908లో వచ్చినపుడు కల్లములను, పసుల మందలను, గ్రామనివేశములను రైతుభూములనుండి వేఱుచేసి చెప్పినది. విశాఖమండలమున విస్తారభాగము జమీలలోనుండుటచేత ఈ వ్యవస్థ ఈ సీమకు ముఖ్యము. 1948లో జమీల రద్దుచట్టము వచ్చి ఎస్టేట్లను సర్కారునకు సంక్రమింపఁజేసినపుడు, సంక్రమించు వస్తువులను వరుసగాఁ జెప్పినది. ఉమ్మడిభూములు, పోరంబోకులు, బంజరులు, మేఁతభూములు, లంకలు, అడవులు, ఏళ్లు, చెఱువులు, ఇట్లు పేళ్లు వేఱువేఱుగా నున్నవి.

వాక్యార్థవిచారము తెలిసినవారు ఈ పట్టికను జదివినచో నొక విషయము స్ఫుటమగును. మేఁతభూమియు బంజరును ఒకటే యైనచో రెండు పేళ్లు చెప్పుట పునరుక్తి. శాసనమునకుఁ బునరుక్తిని గల్పింపరాదు. కావున మేఁతభూమి బంజరు కాదని చట్టమే చెప్పుచున్నది. ఈ పృథక్త్వము తరువాతి లెక్కలలో నిలువలేదు. నేల సర్కారునకుఁ జేరిన పిమ్మట పట్టికలోని పేళ్లు క్రమముగా బంజరు, పోరంబోకు అను రెంటిలో నిమిడిపోయినవి. లోపము శాసనకర్తలదికన్న లేఖకులదే యెక్కువ.

5. నాలుగు మాటలు, నాలుగు వివాదములు

శ్రీకాకుళమండలమున సోంపేట చేరువ చిత్తడినేలకు స్థానికులు బీల యందురు. ఒడియా, వంగభాషలలోని బిల్ శబ్దముతో దీనికిఁ జుట్టఱికము ఉండవచ్చును. బీలలో నీరు నిలుచును, చేఁప పెరుగును, పసులు మేయును, చుట్టుప్రక్కల చేలకుఁ దడి అందును. ఉష్ణవిద్యుత్కేంద్రము కొఱకు ఈ నేల 2008లో నొక సంస్థకుఁ గేటాయింపఁబడినది. కేంద్రమును గోరినవారు దీనిని నిరుపయోగమైన బంజరనిరి. పర్యావరణ పరిరక్షణ సంఘమును, చుట్టుప్రక్కల రైతులును, జాలరులును ఇది బీల యనిరి. 2010 జూలై 14న పోలీసుల కాల్పులలో గ్రామస్థులు ప్రాణములు గోల్పోయిరి. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారసంస్థ ఆ కేంద్రమునకిచ్చిన యనుమతిని రద్దుచేసినది. రాష్ట్రప్రభుత్వము పిమ్మటఁ గేటాయింపును రద్దుచేసినది. ఒక్క మాట తన యర్థమును నిలుపుకొనుటకు ఇంత మూల్యము చెల్లింపవలసివచ్చినది.

అదే మండలమున టెక్కలి ప్రాంతమందలి కాకరాపల్లి చిత్తడినేలకు తంపర యని పేరు. అచ్చటను ఉష్ణవిద్యుత్కేంద్రమును గుఱించి వివాదము కలిగి, 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగినవి. బీల, తంపర యను రెండు మాటలును నిఘంటుపఠనముచేఁ గాక, శవయాత్రలచేతఁ దక్కిన తెలుఁగుసీమలకుఁ దెలిసినవనుట దుఃఖకరమైనను నిజము.

మూఁడవ మాట దిబ్బ. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ, ఆనందపురమునకు దాపున సముద్రతీరమందు ఎఱ్ఱమట్టిదిబ్బలు కలవు. గాలియు, నీరును, సముద్రమట్టపు హెచ్చుతగ్గులును గలసి వేలయేండ్లలో వీనిని నిర్మించినవి. ఇట్టి యెఱ్ఱయిసుక మేటలు తమిళనాటను, సింహళమునను మాత్రమే వీనికి సజాతీయములుగా నున్నవని భూవిజ్ఞానుల మాట. భారత భూవిజ్ఞాన సర్వేక్షణసంస్థ వీనిని భూవారసత్వస్థలముగా గుర్తించినది. లోకమున దిబ్బశబ్దమునకుఁ బెంటదిబ్బ మొదట తోఁచును. దిబ్బను చదును చేయుట మంచిపనియే యనిపించును. 2024 జూలైలో ఈ దిబ్బల చేరువ యంత్రములతో నేలను చదును చేయుచుండఁగా, పర్యావరణవాదులును స్థానికులును అభ్యంతరము తెలిపిరి, పని నిలిచినది. 2025 సెప్టెంబరులో ఈ దిబ్బలు ప్రపంచ వారసత్వస్థలముల తాత్కాలికపట్టికలోఁ జేరినవి. ఊరివారి దిబ్బ, భూవిజ్ఞానుల వారసత్వము, సమితివారి పట్టిక, ఈ మూఁడును ఒక్క మట్టికే పేళ్లు. పేరు పెరిగినకొలఁది కాపు పెరిగినది.

నాల్గవ మాట కంచ. తెలంగాణమున కంచ యనఁగా పసుల మేఁతకై కట్టుబాటు చేసిన బీడు. హైదరాబాదు విశ్వవిద్యాలయము చేరువ కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల నేలను గుఱించి 2025లో వివాదము కలిగినది. అది అడవి కాదని ప్రభుత్వము, చెట్లును జింకలును నెమళ్లును గల నేల యడవియే యని విద్యార్థులును నాగరికులును వాదించిరి. చెట్లు కూల్పఁబడుచుండఁగా ఏప్రిల్ 3న సుప్రీముకోర్టు తనంతట కలుగఁజేసికొని యా పనిని నిలిపినది. కంచ యను పేరు లెక్కలలో నున్నది. దాని యర్థము మాత్రము వాదములోఁ బ్రవేశింపలేదు. కంచ యడవియా, కాదా యని యడిగినవారు పెక్కండ్రు. కంచ యనఁగా నేమని యడిగినవారు కొలఁదిమంది.

6. న్యాయస్థానమును నిఘంటువును

ఈ విషయమున శబ్దశాస్త్రజ్ఞులు గర్వింపఁదగిన సంగతి యొకటి కలదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, అడవి యను పదమునకు నిఘంటువందలి యర్థమునే గ్రహింపవలెననియు, నేల యెవరిదైనను అడవిగా నున్నది యడవియే యనియు నిర్ణయించినది. అనఁగా లెక్కలలోని కృత్రిమార్థమును దాఁటి లోకార్థమును బ్రమాణముగాఁ గొనినది. 2023లోఁ జట్టసవరణము ఈ యర్థమును సంకోచింపఁజేయఁగా, 2024 ఫిబ్రవరి 19న న్యాయస్థానము నిఘంటు వర్థమునే ప్రస్తుతమునకుఁ బాటింపవలసినదని మధ్యంతరాజ్ఞ యిచ్చినది.

బయలునకు సంబంధించిన తీర్పు 2011 జనవరి 28నాఁటిది. జగపాలసింగు వ్యాజ్యమున, గ్రామపు టుమ్మడినేలలను ఆక్రమించినవారిని తొలఁగించి, వానిని గ్రామస్థుల యుమ్మడి యుపయోగమునకు మరల నీయవలెనని రాష్ట్రములన్నిటికి నాజ్ఞ యైనది. ఆ తీర్పున ఉమ్మడినేలల దేశీయనామములు, పంజాబీ శామిలాతు మొదలుకొని దక్షిణదేశపు మందవెలి, పోరంబోకు, కలం, మైదానమువఱకు, ఎన్నఁబడినవి. న్యాయమూర్తులు పేళ్లను సేకరించుట గమనింపఁదగినది. అందు బీల లేదు, తంపర లేదు, గరువు లేదు. ఉత్తరాంధ్రమువారి మాటలు న్యాయస్థానమువఱకుఁ జేరకపోవుటకు న్యాయస్థానము కారణము కాదు. వానిని వ్రాసి పెట్టినవారు కఱవు.

7. కవులును నిఘంటుకారులును

ఇందులకు సాహిత్యము కొంత బాధ్యత వహింపవలెను. ఆలంకారికులు మహాకావ్యమునకు నగరము, అర్ణవము, శైలము, ఋతువులు, ఉద్యానము మొదలగు వర్ణనలను విధించిరి. ఉద్యానము నగరమువారి విహారస్థానము. గోచరమును వర్ణింపవలెనని లక్షణకర్త విధింపలేదు. ప్రబంధకవి చాలవఱకు వర్ణింపలేదు. గ్రామసీమలను గన్నులారఁ జూచి వర్ణించిన యాముక్తమాల్యదవంటి గ్రంథములు అపవాదములు. ప్రాకృతమున హాలుని గాథాసంకలనము అట్టిదే. అన్నిటికి మిన్నగా భాగవత దశమస్కంధమున గోవర్ధనఘట్టము కలదు. తాము పురములవారము కామనియు, కొండలును అడవులును దమకు జీవనాధారమనియు, కావునఁ గొండనే పూజింపవలెననియు శ్రీకృష్ణుఁడు నందునితోఁ బలుకును. పోతనామాత్యుని తెనుఁగున దీనిని జదువని పాఠశాల యరుదు. ఆ ఘట్టమును అద్భుతరసమునకై బోధింతురే కాని, ఒక గొల్లపల్లె తన మేఁతకొండకై రాజశాసనమునకు మాఱుగాఁ జెప్పిన వాదముగా బోధించువారు తక్కువ.

నిఘంటువుల విషయము మఱియు విచార్యము. శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. ఆంధ్రసాహిత్యపరిషత్తు 1911లో నేర్పడి, సూర్యరాయాంధ్రనిఘంటువును 1936 మొదలు ప్రకటించినది. ఈ మహాకృతులు కావ్యప్రయోగమును బ్రమాణముగాఁ గొన్నవి. అది వాని ప్రతిజ్ఞ, దానిని నిందింపఁబనిలేదు. కాని కావ్యము వర్ణింపని నేల మాట కావ్యప్రమాణనిఘంటువునఁ జేరదు. కవి విడిచినదానిని నిఘంటుకారుఁడు విడుచును. ఉభయులు విడిచినదానిని లేఖకుఁడు బంజరని వ్రాయును. ఈ పరంపరను మొదట ఛేదించినది 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలికవృత్తిపదకోశము, వ్యవసాయసంపుటము. రైతు నోటిమాటకు శాస్త్రగౌరవము అచ్చట లభించినది. అది మండలముల వరుసను బదములను జూపినది. ఏ యూరి యే నేలకు నే పేరు చెల్లుచున్నదో నిర్ణయించు పని ఇంకను జరుగవలసియున్నది.

8. ఒక పూర్వపక్షము

ఇచ్చట నొక యాక్షేపమునకుఁ జోటు కలదు. బంజరనిపించుకొనిన నేలనే ప్రభుత్వము పేదలకుఁ బంచి యిచ్చినది. ఆ మాట లేకున్నచో భూమి లేనివానికి భూమి యెక్కడిది? ఉమ్మడిబయలను పేరుతోఁ బేదవాని సెంటు నేలను లాగికొందురా యని యడుగవచ్చును. ఆక్షేపము సమంజసము. ప్రాచీనుల గోచరవ్యవస్థలో నెల్లకులములకు సమానమైన యధికారముండెనని చెప్పుటకు వీలులేదు. పూర్వపు టుమ్మడియెల్ల ధర్మమయమని కీర్తించుట విమర్శ కానేరదు.

అయినను ఈ యాక్షేపము సైతము శబ్దవిచారమునకే త్రోవతీయును. ఆనందపురము మండలమునందలి తర్లువాడ దీనికి నిదర్శనము. 2025 అక్టోబరులో గూగులు సంస్థ విశాఖపట్టణపు ప్రాంతమున మహాగణకకేంద్రమును స్థాపింపనున్నట్లు ప్రకటన వెలువడినది. గుర్తింపఁబడిన తావులలోఁ దర్లువాడ యొకటి. అచ్చటి రైతులలోఁ గొందఱు తమ నేలలను గుఱించి యభ్యంతరములు తెలిపిరి. అట్టి నేలలలో నసైనుమెంటు భూములు, అనఁగా ప్రభుత్వము పేదల కిచ్చినవి, కలవు. అసైనుమెంటు భూములు చేతులు మాఱకుండ 1977లోఁ బ్రత్యేకచట్టము వచ్చినది. బంజరని పేదవానికిచ్చిన నేల, తోఁటయై పైరై ఫలించిన పిమ్మటఁగూడ లెక్కలో ప్రభుత్వభూమి యను వాసనను విడువదు. మందబయలునకుఁ గల యాపదయే పేదవాని చేనికిని గలదు. కావున బయలు కాపాడుకొనువారును, అసైనుమెంటు రైతులును పరస్పరవిరోధులు కారు. ఇరువురి బాధకును మూలము ఒక్క శబ్దమునకు రెండర్థములను గల్పించుట. కేంద్రము రావలెనా వలదా యనుట వేఱు విచారము. వచ్చినను, రాకున్నను, అచ్చట నేమి యుండెనో సత్యముగాఁ జెప్పిన పిమ్మటనే నిర్ణయము జరుగుట న్యాయము.

9. కర్తవ్యము

పేరు మార్చినంతనే నేల దక్కునా యని మఱికొందఱు సంశయింతురు. దక్కదు. సోంపేటలో బీల దక్కినది మాటవలననే కాదు, జనుల పట్టుదలవలన. కాని పట్టుదల గల జనులకు లెక్కలలో మాట లేకపోవుటచేత వారు ప్రాణములొడ్డి సాక్ష్యమీయవలసివచ్చినది. ముందే మాట వ్రాసియున్నచో సాక్ష్యము కాగితము చెప్పియుండెడిది.

అట్లు వ్రాయుటకు నేఁడొక తావు కలదు. 2002 సంవత్సరపు జీవవైవిధ్యచట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థయందు జీవవైవిధ్యసంఘ మేర్పడి, ప్రజాజీవవైవిధ్యపట్టికను సిద్ధపఱుపవలెను. అందు చెట్టు, చేమ, పశువు, పక్షి, వాని నెఱిఁగిన జనుల జ్ఞానము చేరును. ఆ సంఘములకు చెట్ల పేళ్లు చెప్పువారు దొరకుదురు. నేలల పేళ్లను సార్థకముగా వ్రాయువారు అరుదు. పాఠశాలాపండితులకు ఇది తగిన పని. ఆనందపురమువంటి యూర నొక తరగతి బాలురును బాలికలును తమ తాతలను, అవ్వలను, కాపరులను అడిగి, గెడ్డ యేది, గరువేది, మందబయలేది, దాని హద్దులెవ్వి, ఏ ఋతువున నే పనికి వచ్చును, దాని సర్వేసంఖ్య యేది యని వ్రాసికొని వచ్చినచో, పండితుఁడు వానిని శోధించి యర్థనిర్ణయము చేయవచ్చును. గ్రామసభ దానిని దీర్మానించి పట్టికలోఁ జేర్చవచ్చును. అది యాజ్ఞవల్క్యుఁడు మొదటఁ బేర్కొనిన గ్రామజనుల యిచ్ఛకు లిఖితరూపము.

వైయాకరణునియొద్దకు మాటకొఱకు నెవ్వఁడును రాఁడని భాష్యకారుఁడనినాఁడు. అతఁడే పోయి కాపరి నడుగవలసిన కాలము వచ్చినది. జాతీయమార్గములు విస్తరించుచు, నగరము దినదినము గ్రామములమీఁదికిఁ బెరుగుచుండఁగా, అడుగఁదగిన వృద్ధులు తగ్గిపోవుచున్నారు. ఈ పని యీ తరములోనే జరుగవలెను.